శిలాఫలకం మీద చీరాల

"తెనాలిలో ఒక్కరే నలభై పాయింట్లు కొట్టిన ఫైనలే చెక్కిద్దామండి," అన్నారు హెడ్మాస్టరు సంజీవరావు.

"రేపల్లెలో విరిగిన వేలితో గెలిపించారు. అదేమైపోయింది సార్?" అన్నాడు కోచ్ నజీరుద్దీన్.

బాపట్లలో కొత్త బాస్కెట్‌బాల్ కోర్టుకు పెడుతున్నది ఒకప్పటి క్రీడాకారిణి ఎస్తేరమ్మగారి పేరు; శిలాఫలకం మీద ఆమె ఆడిన ఏ మ్యాచ్ చెక్కించాలన్నదే వాదన. ఆమె ఇద్దరినీ వారించారు.

"చీరాల మ్యాచ్ చెక్కించండి."

"అందులో ఓడారు కదమ్మా!" అన్నాడు నజీరుద్దీన్.

"దొంగల ఊరని ముద్ర వేసిన స్టూవర్టుపురం పిల్ల అని మా జట్టులోని కొండమ్మను రెఫరీ ఆడనివ్వలేదు. బంతి ఒళ్లో పెట్టుకుని కోర్టు మధ్యలో కూర్చున్నాను. ఓడినట్టు ప్రకటించారు. కొండమ్మ పేరు కూడా చెక్కించండి."

"ఓటమిని రాతి మీద చెక్కిస్తే నవ్వుతారండి," అన్నారు సంజీవరావు.

"నవ్వనివ్వండి."

ఎస్తేరమ్మగారు బంతి తీసుకుని, గంజి చీర కుచ్చిళ్లు సర్దుకుని, కొత్త కోర్టు నడిమధ్యన కూర్చున్నారు.

సంజీవరావు తల దించుకున్నారు. నజీరుద్దీన్ ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"కొండమ్మగారి ఇంటిపేరేంటమ్మా?"