నిలవని అంకె

ఆ శనివారం ఇంట్లో ఉన్నది ముగ్గురు: అవ్వ రూతమ్మ, డిప్లొమా చదివే ఎరిక్, పదో తరగతి వినీల.

అమ్మా నాన్నా చర్చి కూటానికి వెళ్ళి బతికిపోయారు.

నాలుగోది మల్టీమీటర్. కాలేజీ ల్యాబ్ నుంచి ఒక్క రోజుకని తెచ్చింది. సాయంత్రం ఎరిక్ క్లాసు స్నేహితుడు జీవన్ వచ్చి దాన్ని బళ్ళారికి తీసుకుపోతాడు. ఇంట్లో అందరికంటే దానికే మర్యాద ఎక్కువ. బల్ల మీద అది కూర్చుంది. మనుషులు నేల మీద తిన్నారు.

దాని పక్కన మట్టి డబ్బాలు. మొదటిదాంట్లో పొడి మట్టి, చివరిదాంట్లో బురద.

మట్టి తడి కొలవడానికి ఎరిక్ చేసిన కడ్డీని ఒక్కో డబ్బాలో గుచ్చాలి. అందులోంచి వచ్చే పిసరంత వోల్టేజీని మీటర్లో చూసుకోవాలి. అన్ని డబ్బాలకూ అంకెలు దొరికితే, మిరప చేలో ఏ మడికి నీళ్ళు కావాలో ఆ కడ్డీయే చెబుతుంది. సోమవారం ఆ అంకెలు చూపించకపోతే ప్రాజెక్టు కొట్టేస్తారు.

కానీ అంకె నిలబడితే కదా!

"పన్నెండు... ముప్పై... తొమ్మిది! ఇది మీటరా, తాడు తెంపుకున్న దూడా?" అన్నాడు ఎరిక్.

దగ్గర్లో కరెంటు సామాను తిరిగితే అంకె చెదురుతుందని వినీల ఫ్యాను ఆపింది. ఫ్రిజ్ ఆపింది. అవ్వ చూస్తున్న టీవీ కూడా ఆపింది.

"పాట నడమ ఆపితివి కదే," అంది అవ్వ.

అంకె మాత్రం ఆగలేదు.

ఎరిక్ మీటర్‌ను నెమ్మదిగా కొలిచేటట్టు మార్చాడు. చాలా కొలతలు తీసి సగటు చూపించేటట్టు పెట్టాడు. గెంతులు తగ్గాయి గానీ పోలేదు.

"యాడో మోటరు తిరుగుతాండాది!" గోడలదిరేలా అరిచాడు. "ఎవురిదప్పా ఆ మోటరు? నా పానం తీస్తాండాది! ఆపండప్పా!"

"కప్పగల్లు ఊరంతా మోటర్లే కదరా. ఎవురిని ఆపమంటావు?" అంది అవ్వ.

ఎరిక్ పళ్ళు కొరుకుతూ మీటర్ వైర్లు రెండింటినీ జడలా మెలిపెట్టాడు.

అంకె నిలబడింది. ఇరవై ఒకటి. కదల్లేదు.

"చూస్తిరా! వైర్లు మెలేస్తే సరిపాయె!" ఎగిరి గంతేశాడు. "మా సారుకు కూడా తోచలేదు ఇది!"

ఒక్కో డబ్బాలో కడ్డీ కుదురుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఒక డబ్బా అయింది. ఇంకొకటి అయింది.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. మొన్న పక్క వాటాలో దిగినామె. పేరు ఇంకా ఎవరూ అడగలేదు. ఆమె వేళ్ళ కొనలు నీలంగా ఉన్నాయి.

"అయిందేమప్పా?" అంది.

"ఏం కావాల్లమ్మా?" అన్నాడు ఎరిక్.

"ఏం లేదప్పా. అయిందేమో అని..."

వెళ్ళిపోయింది.

"ఆ వేళ్ళేందే, బట్టల నీలిమందులో ముంచినట్ల?" అంది అవ్వ.

మధ్యాహ్నం దాటాక ఆమె మళ్ళీ వచ్చింది.

"ఇంకా కాలేదేమప్పా?"

"కాలేదమ్మా!"

ఆమె ఏదో అనబోయి, ఎరిక్ ముఖం చూసి వెనుదిరిగింది.

"ఈమెకేం పనీ పాటా లేదా?" ఎరిక్ విసుక్కున్నాడు.

"టీవీ లేదేమోరా పాపం. పొద్దు పోవాల్ల కదా," అంది అవ్వ. "ఈడ టీవీ ఉండీ లేనట్లే ఉండాది."

చివరి డబ్బా మిగిలింది. బురద డబ్బా. ఎరిక్ కడ్డీ గుచ్చి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. జీవన్ దారిలో ఉన్నానని ఫోన్ చేశాడు.

"ఇంకెంత సేపప్పా?" మళ్ళీ ఆమే. ఈసారి గడప మీదికే వచ్చేసింది. "అది కాదప్పా, నేను..."

"అమ్మా, నీకు దండం పెడ్తా! పని చేసుకోనీవా?"

ఎరిక్ లేచి ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.

వచ్చి కూర్చున్నాడో లేదో, అంకె గెంతింది. నలభై. పదిహేడు. యాభై ఆరు.

"అయ్యో! ఏందే ఇది?" వైర్లు విప్పాడు. మళ్ళీ మెలిపెట్టాడు. ఇంకా గట్టిగా మెలిపెట్టాడు.

గోడ అవతల గిర్రుమని ఏదో తిరుగుతోంది.

వినీల చెవి ఒగ్గి వింది. గిర్రు ఆగితే అంకె ఆగుతోంది. గిర్రు మొదలైతే అంకె ఎగురుతోంది.

"అన్నా, పక్కింట్లో..."

"నువ్వు నోర్ముయ్యే! వైరు వదులైంది."

కొత్తవాళ్ళ ముందు వినీలకు నోరు పెగలదు. అయినా చెప్పులు కూడా వేసుకోకుండా పక్క వాటాకు పరుగెత్తింది.

తలుపు తీసే ఉంది. ఆమె మోటరు బిగించిన కుట్టుమిషను ముందు కూర్చుంది. చుట్టూ జీన్సు ముక్కల గుట్ట. దారాలు కత్తిరించి మడిచి పెట్టినవి కొన్ని. కుట్టాల్సినవే ఎక్కువ.

"అక్కా..." అంది వినీల. గడప బయటే ఆగిపోయింది.

ఆమె మిషను ఆపింది. ముఖంలో కోపం లేదు. కంగారు ఉంది.

"మీ అన్నది ఇంకా కాలేదా పాపా? ఏం చేసేది చెప్పు. ఈ ఊరికొచ్చినాక మొదటి మూట ఇది. ఆటో వచ్చే యాళాయె. ఇయ్యకపోతే మళ్ళ పనియ్యరు."

ఇంకొక్క డబ్బానే అని చెప్పాలని వినీల వచ్చింది. ఆ గుట్టను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"పొద్దున మోటరు ఆపమని అరిచినాడు కదా, అప్పుడే ఆపేస్తిని. ఇంతసేపూ చేతిపని చేసుకుంటా కూర్చుంటి, అదీ అయిపాయె," అంటూ ఆమె లేచి, పక్కింటికి మిషను చప్పుడు పోకుండా మెల్లగా తలుపు వేసుకుంది.