అల్లుడి పాత్ర

ఆస్లాక్ బ్రెక్కె తాగవలసిన పాత్రను స్వెర్రె ల్యుండె తాగేశాడు. 1971 నవంబరులో ఒక ఆదివారం, మధ్యాహ్నం ఆటలో, నాలుగు వందల మంది చూస్తుండగా.

గ్రోవిక్ నాటకశాలలో ఆ చలికాలమంతా ఒకటే నాటకం. ముసలి రాజు తన అల్లుడికి విషం కలిపిన వెండి పాత్ర అందిస్తాడు. అల్లుడు తాగి, మెట్ల మీద పడి చనిపోతాడు. రాజు వేషం స్వెర్రెది, అల్లుడి వేషం ఆస్లాక్‌ది. మామూలుగా పాత్రలో ఉండేది పళ్లరసం.

ఆ రోజు స్వెర్రె పాత్ర ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. “ఇది నీకే అల్లుడూ, అందుకో” అనాలి. “ముందు నేను తాగుతాను” అన్నాడు. తాగి, సింహాసనం పక్కన కూలిపోయాడు. ఎంత సహజంగా చచ్చాడోనని జనం చప్పట్లు కొట్టారు. ఆస్లాక్‌కు ఏం చెయ్యాలో తోచక తనూ మెట్ల మీద పడిపోయాడు. తెర దించాక గాని ఇద్దరిలో ఒకరు నిజంగానే పోయారని ఎవరికీ తెలియలేదు.

కేసు ఎలింగ్ ఫ్లోటెన్ అనే ఇన్‌స్పెక్టరు చేతికి వచ్చింది. అప్పటికి అతనికి ముప్ఫై మూడేళ్లు. రసంలో సైనైడు కలిసిందని తేలింది. కిరీటాలకు బంగారు పూత వెయ్యడానికి అదే వాడతారు కనుక, పూత వేసే గదిలో దాని డబ్బా ఎప్పుడూ ఉంటుంది. ఆ గదికి తాళం లేదు. రసం పోసిన పాత్ర విరామంలో ఇరవై నిమిషాలు తెర పక్కన బల్ల మీదే ఉంది. నాటకశాలలో పనిచేసే ప్రతివాళ్లూ దాని పక్కనుంచే నడిచారు.

ఆస్లాక్ అంటే గిట్టనివాళ్లు ఎవరని దర్శకుణ్ణి అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, కాగితం ఉందా అన్నాడు. ఆస్లాక్‌ను అడిగితే తనే పదకొండు పేర్లు చెప్పాడు. అందులో అతని తల్లి పేరు కూడా ఉంది.

స్వెర్రెకు మాత్రం శత్రువులు లేరు. నలభై ఏళ్లుగా ఊరికి ఇష్టమైన నటుడు. రేవులో చేపలవాళ్లు అతని దగ్గర డబ్బు పుచ్చుకునేవారు కారు.

అయితే ఆయన ఆ మాట ఎందుకు మార్చాడు? మార్చింది ఆయన కాదు, బోర్గిల్ తప్పు అందించి ఉంటుందని దర్శకుడు అన్నాడు. బోర్గిల్ ప్రాంప్టర్. రంగస్థలం ముందు అడుగున, తల మాత్రం పైకి వచ్చే గూట్లో కూర్చుని, నటులు తడబడితే మాట అందించడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఈ మధ్య ఆమె సరిగ్గా అందించడం లేదని స్వెర్రె మూడుసార్లు ఫిర్యాదు రాసి ఇచ్చాడట. క్రిస్మస్‌కు ఆమెను మానిపించాలని కూడా నిర్ణయమైపోయిందట.

ఎలింగ్ ఆమెను పిలిపించాడు. యాభై నాలుగేళ్ల మనిషి, సన్నటి గొంతు. నాటకం పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

“రెండుసార్లు అందించాను బాబూ. ఆయన వినిపించుకోలేదు” అంది.

మూడో రోజున డాక్టరు రిపోర్టు వచ్చింది. స్వెర్రె మెదడు కొన్నేళ్లుగా కుంచించుకుపోతూ వచ్చిందట. ఇంటికి దారి కూడా తనే చూపించాల్సి వచ్చేదని ఆయన భార్య ఏడుస్తూ ఒప్పుకుంది. ఇన్నాళ్లూ మరిచిపోయింది ఆయనే, మాటలు పడింది బోర్గిల్. దర్శకుడు ఆమెకు కేకు పట్టుకెళ్లి క్షమాపణ చెప్పాడు. డెబ్భై ఏళ్లు వచ్చేవరకూ ఆమెను ఎవరూ కదపలేదు.

ఇక మిగిలింది ఆ పదకొండు పేర్లు. వాటిలో ఒకటి ఊన్ని, ఆస్లాక్ నుంచి విడిపోయిన భార్య. నాటకశాలలోనే వేషాలు కుట్టేది. ఎలింగ్ ఆమెను నాలుగుసార్లు స్టేషనుకు పిలిపించాడు. ఏమీ రుజువు కాలేదు గాని, ఊరు ఆమెతో మాట్లాడటం మానేసింది. వసంతంలో ఆమె కుట్టుమిషను తీసుకుని వెళ్లిపోయింది. ఆస్లాక్ కుళాయి నీళ్లు తప్ప మరేమీ తాగనని పట్టుబట్టి, చివరికి నాటకాలు మానేసి బీమా ఆఫీసులో చేరాడు. అక్కడ కూడా అతనంటే ఎవరికీ పడలేదు.

ఎలింగ్ ఒక్కో పేరూ కొట్టేస్తూ వచ్చాడు. తల్లి పేరు ఆఖరున కొట్టేశాడు. ఈలోగా అతని జుట్టు నెరిసింది. అప్పటి చట్టం ప్రకారం పాతికేళ్లు దాటితే హత్యకేసుకైనా కాలం చెల్లినట్టే. పాతికేళ్లు నిండిన మర్నాడు ఉదయం అతను ఫైలు కట్టేసి, ఆనాటివాళ్లలో ఊళ్లో మిగిలిన ఒకే ఒక మనిషికి ఆ సంగతి చెప్పిరావడం మర్యాద అనుకున్నాడు.

బోర్గిల్‌కు డెబ్భై తొమ్మిదేళ్లు. అతని బూట్లు గుమ్మం దగ్గర విప్పించి, కాఫీ పోసి, వాఫిల్ అట్టు మీద గోధుమరంగు చీజ్ వేసి పెట్టింది. అతను చెప్పిందంతా విని, ఇక ఎవరి మీదా కేసు పెట్టలేవా అని అడిగింది.

“ఎదురుగా వచ్చి కూర్చున్నా పెట్టలేనమ్మా.”

ఆమె తల ఊపి అతనికి ఇంకో వాఫిల్ వడ్డించింది. ఊన్ని సంగతి తెలుసా అంది. నిరుడు పోయిందని అతను చెప్పాడు.

“నాకు ఆ పెద్దాయన గురించే బాధ. ఎవరికోసమో కలిపిన విషం. ఆ ఒక్క ముక్క మరిచిపోబట్టి అన్యాయంగా పోయాడు” అన్నాడు ఎలింగ్.

బోర్గిల్ కప్పు కింద పెట్టింది.

“మరిచిపోలేదు నాయనా. ఆ రోజు నేనేం అందించానో, అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు.”