పదమూడేళ్ల పచ్చబొట్టు

"కొత్తగా నిగనిగలాడితే నాకు పనికిరాదక్కా. పదమూడేళ్ల కిందట పొడిచినట్టుండాలి," అన్నాడు ముహన్నద్.

నూర్తెన్ సూది పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. ఇస్తాంబుల్‌లో, కడికోయ్ చేపల బజారు పక్క సందులో, ఓ మేడగదిలో ఇరవై ఏళ్లుగా పచ్చబొట్లు పొడుస్తోంది ఆమె. ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు.

"పాతది చెరిపెయ్యమని వస్తారు, వెలిసిపోయింది దిద్దమని వస్తారు. నువ్వేంటయ్యా, వెలిసిపోయిందే పొడవమంటావు?"

"నలుగురి దగ్గరికి తిరిగాను. ఇద్దరు నవ్వారు. ఒకడు డబ్బు ముందే పెట్టమన్నాడు. ఇంకొకడు నమూనాకి మణికట్టు మీద చుక్క పెట్టాడు. ఇదిగో, బొగ్గులా ఉంది. ఊరు మాది కాదు, భాష మాది కాదు, ఎవరిని నమ్మాలో తెలీదు. మీరైతే చేస్తారని మా బేకరీలో ఒకాయన పంపించాడు."

అతను జేబులోంచి ఫోటో తీశాడు. టైగ్రిస్ నదిలో నడుంలోతు నీళ్లలో ఇద్దరు కుర్రాళ్లు నవ్వుతున్నారు. ఒకడి ఎడమ జబ్బ మీద అరబ్బీ అక్షరాల్లో 'లైథ్' అని పేరు, దాని కింద ఫోన్ నంబరు. చివరి అంకె పక్కకి ఒరిగిపోయింది.

"ఇది పొడిచినవాడెవడో గానీ చేతులు విరగ్గొట్టాలి," అంది నూర్తెన్.

"మంగలి. ఆ అంతర్యుద్ధం రోజుల్లో బాగ్దాద్‌లో చాలామంది కుర్రాళ్లు పొడిపించుకున్నారు. శవం మొహం గుర్తుపట్టలేకపోయినా ఇంటికి ఫోన్ చేస్తారని."

కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. నూర్తెన్ ఫోటోని దీపం కిందికి జరిపింది.

"ఈ చెయ్యి నీది కాదు. నువ్వు పక్కవాడివి. ఎవరిని మోసం చెయ్యడానికి ఇదంతా? పోలీసుల గొడవ నాకొద్దు తమ్ముడూ."

"పోలీసుల్ని కాదక్కా. వీడి అమ్మని."

ఇక చెప్పక తప్పలేదు. లైథ్, తనూ ఒకే సెల్‌ఫోన్ రిపేరు కొట్లో పనిచేసేవాళ్లు. ఒక మధ్యాహ్నం ముసుగులవాళ్లు వచ్చి లైథ్‌ని కారెక్కించుకుపోయారు. ముహన్నద్ బల్ల కింద నక్కి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ రోజుల్లో అలా పోయినవాళ్లెవరూ తిరిగొచ్చింది లేదు. మర్నాడే అతను సిరియా బస్సెక్కాడు. బల్ల మీద ఉండిపోయిన లైథ్ ఫోను తన జేబులో వేసుకున్నాడు. సరిహద్దు దగ్గర అది మోగింది.

"'బతికే ఉన్నావా నాయనా?' అనడిగింది వాళ్లమ్మ. వెక్కి వెక్కి ఏడుస్తోంది. లేడని ఏ నోటితో చెప్పను? ఉన్నానమ్మా, సిరియా పోతున్నాను అనేశాను. జలుబు చేసి గొంతు మారిందన్నాను."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"చెప్పేద్దామనే తర్వాతి శుక్రవారం ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి 'ఏమన్నా తిన్నావా?' అంది. తిన్నానమ్మా అనేశాను. అప్పట్నించి ప్రతి శుక్రవారం చేస్తూనే ఉన్నాను. జ్వరమొచ్చినా ఆవిడకే చెప్పుకుంటాను. నాకు మాత్రం ఎవరున్నారు?"

"ఇన్నేళ్లలో అనుమానం రాలేదా?"

"రాలేదు. పాత సంగతులెత్తదు. బాగ్దాద్ రమ్మనీ అడగదు. నా అదృష్టం బాగుంది. ఇప్పుడు కంటి ఆపరేషన్‌కి ఇక్కడికొస్తోంది. కట్లు విప్పాక నన్ను చూస్తుంది కదా. మొహం మారిందంటే నమ్ముతుంది, జుట్టు ఊడింది, గడ్డం వచ్చింది. జబ్బ మీద పేరేదీ అంటే? ఈ వయసులో కొడుకు లేడని తెలిస్తే ఆవిడ బతకదక్కా."

నూర్తెన్ లేచి, సిరాలో నీళ్లు కలిపింది.

"చొక్కా విప్పు."

సూది దిగుతుంటే ముహన్నద్ ఎవరి చేతినో చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

నిజంగానే లేదు. ఆ బల్ల కిందనుంచి లేచిన రోజు నుంచీ అతనికి సంతోషమూ నొప్పీ ఏవీ సరిగా తగలడం లేదు. చివరి అంకె దగ్గర నూర్తెన్ చెయ్యి ఆపింది.

"కావాలని వంకర గీత గీయడం నా జన్మలో ఇదే మొదలు," అని గొణిగి, ఆ అంకెను పక్కకి ఒరిగించింది.

రెండు నెలల తర్వాత లైథ్ తల్లి బద్రియా కళ్లకి కట్లు విప్పారు. ఆమె ముహన్నద్ మొహం వంక చాలాసేపు చూసి, "చిక్కిపోయావు," అంది. అంతే. అతని గదికి రాగానే మాంసం కొని తెమ్మని, బెండకాయలు వేసి కూర వండింది.

భోజనానికి కూర్చునే ముందు ముహన్నద్ చేతులు కడుక్కుంటూ చొక్కా చేతుల్ని జబ్బల దాకా మడిచాడు. బద్రియా చూపు అక్కడే ఆగిపోయింది. అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. వేలితో ఒక్కో అంకెనీ తడిమింది.

"అచ్చం అదే," అంది.

"అదేనమ్మా. ఒంటి మీద రాతలు పాపమని తిట్టావు కూడా. మర్చిపోయావా?"

"తిట్టాను. మర్చిపోలేదు."

ఏడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అయినా ఆమెకి కన్నీళ్లు ఆగలేదు. చొక్కా చెయ్యి కిందికి దించి, తనే గుండీ పెట్టింది. అతని పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది.

గండం గడిచిందనుకున్నాడు ముహన్నద్. ఎన్నేళ్లకో గుండె తేలికపడింది.

"ఇంక నన్ను చూసి భయపడకు నాయనా, కడుపునిండా తిను," అంది బద్రియా అతని తల నిమురుతూ.

"భయమెందుకమ్మా?"

"నువ్వు ఫోన్‌లో 'ఉన్నానమ్మా' అన్న మూడోనాడే ఈ నంబరు చూసి నా లైథ్ శవాన్ని అప్పగించారు."