విప్పని ముడి

తోదేర్‌ను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం పక్కింటి సవేతా గుమ్మంలోనే నిలేసింది.

"పెట్టె మూసేముందు కాళ్లకు కట్టిన గుడ్డ విప్పావా, పరస్కీవా? లేకపోతే పాపం, ఆ లోకంలో అడుగు తీసి అడుగు వెయ్యలేడే!"

"పోయింది మొగుడు, మతి కాదు. విప్పాన్లే, ఇంక వెళ్లు."

విప్పలేదు. పైగా ఇంకో ముడి బిగించింది. పైలోకంలో అతని మొదటి పెళ్లాం రోడికా ఉందిగా, ఒంటరివాడు కాడులే అని ఊరంతా తననే ఓదార్చింది మరి.

రాత్రి ఒక్కతే మొక్కజొన్న సంకటి ముందు కూర్చుంది. చెక్క వసారాలో ధబ్బుమని చప్పుడైంది. చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ ధబ్. అది నడక కాదు. రెండు పాదాలూ కలిసి ఒక్కసారే చెక్క మీద పడుతున్నాయి. ఆ చప్పుడు ఆగి ఆగి తలుపు దాకా వచ్చింది.

"విప్పవే," అంది బయట తోదేర్ గొంతు. "రోడికా పిలుస్తోంది. చచ్చినా వదలవా నన్ను?"

పరస్కీవా కళ్లు తుడుచుకుంది.

"వస్తున్నానయ్యా, చలిలో ఎంతసేపు నిలబడతావు?"

చేతులు కట్టకుండా వదిలేయడమే తన పొరపాటు అనుకుంటూ, మేకుకు వేలాడుతున్న తాడు అందుకుని గడియ తీసింది.