పగడాలకు రాత్రి లేదు

ఆదివారం మధ్యాన్నం వాసుదేవన్ కొత్త లైటు పెట్టె విప్పి, గాజుతొట్టి ముందర అట్నే కూలబడినాడు. ఉప్పునీళ్లలో పెంచుతా ఉన్న పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబారిపోయినాయి.

“కరెంటు తక్కువ తింటుందని చౌక లైటు కొంటిని. దాని వెలుగు వీటికి చాల్లేదు. ఈ పెద్ద లైటుతో కూడా బతక్కపోతే ఇంక నా వల్ల కాదు.”

పెండ్లాం కనకవల్లి పక్కనే కూర్చొని ఆయన పంచె మడత పెడతా ఉండాది. “చాలకుండా ఎట్లా ఉంటుంది? రాత్రి దంకా వెలుగుతానే ఉంటుందే.”

“సాయంత్రం ఆరుకే ఆరిపోయేటట్టు టైమర్ పెట్టినానే?”

“ఆరిపోతుంది, సరిగ్గా నేను సామి దగ్గర దీపం పెట్టే యాళకు. ఆ పొద్దులో ఇంట్లో వెలుగు ఆరనిస్తారా ఎవరన్నా? నేనే మళ్లా వేస్తా ఉండాను.”

“మళ్లా ఎప్పుడు ఆర్పేది?”

“మీరు అంగడి మూసి నడిరేయికి ఇంటికొచ్చి, ఈ తొట్టి దిక్కు కూడా చూడకుండా పండుకున్నాక.”

అంటే వెలుగు చాలక కాదు, వెలుగు ఎక్కువై మాడిపోయినాయి. వాసుదేవన్‌కు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. కొత్త లైటు పెట్టెలో పెట్టేసి, టైమర్ తిప్పినాడు.

“రేపట్నుంచి మధ్యాన్నం వెలిగి, రాత్రి ఎనిమిదికి ఆరిపోతుంది. ఆ లోపల నేను వచ్చేస్తాను. ఇద్దరమూ కూర్చొని చూస్తాము.”

కనకవల్లి పంచె మడత పెట్టి పక్కన పెట్టింది.

“ఈ తొట్టి తెచ్చిన దినము కూడా ఇదే మాట చెప్పినారు.”