కాలవ నీళ్ళ సీసా

కోటేశ్వరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది. బాబూరావు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. రేపల్లెలో హైస్కూలు, తెనాలిలో ఇంటర్మీడియెట్, ఇప్పుడు బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు. హాస్టల్లో ఖాళీ లేదు. అద్దె గది కోసం ఆరిళ్ళు తిరిగాడు. ఇది ఏడోది.

"మీవాళ్ళేం చేస్తారు బాబూ?"

"వ్యవసాయమేనండి."

ఆవిడ మొహం విప్పారింది. వంటింటి పక్క గది ఇచ్చేసింది. భోజనం తమతోపాటే అంది. నెల తిరక్కుండానే బాబూరావు ఆ ఇంటి మనిషైపోయాడు. పెరట్లో బావి నీళ్ళు మహా తియ్యగా ఉండేవి. అతను చెంబులకు చెంబులు తాగుతుంటే ఆవిడకు నవ్వొచ్చేది.

"ఇదేం దాహమయ్యా, ఎన్నడూ నీళ్ళు చూడనట్టు!"

అది డెబ్భై రెండో సంవత్సరం. ఇంటాయన రాఘవయ్యకు కర్లపాలెం అవతల ఎనిమిదెకరాల మాగాణి ఉంది. కౌలుకిచ్చి, ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేవాడు. ఆ ఏడు ఎగువన కొత్తగా పెట్టిన అట్టల మిల్లు తన మురికినంతా పంటకాలవలోకి వదిలింది. ఆయన నారుమళ్ళు మాడిపోయాయి. దాంతో రాఘవయ్యకు ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కాలవ రక్షణ సంఘం పెట్టి, తనే అధ్యక్షుడై, బాబూరావును కార్యదర్శిని చేశాడు.

"నీళ్ళు అందరివీనోయ్! అదీ మన నినాదం," అనేవాడు వాలుకుర్చీలోంచి.

తిరగడం మాత్రం బాబూరావే తిరిగాడు. ప్రతి ఆదివారం సైకిలెక్కి కాలవ గట్టునున్న పల్లెకు పోయేవాడు. పొలాల సంగతి అలా ఉంచితే, ఆ పల్లెవాళ్ళు తాగేది ఆ నీళ్ళే. ఊళ్ళో మంచినీళ్ళ చెరువుంది గాని, అందులో వీళ్ళ కడవలు మునగకూడదు.

పల్లెలో వరమ్మ అనే పెద్దామె ఉంది. నాట్లకూ కోతలకూ పోయే మనిషి. బాబూరావు ఇచ్చిన ఖాళీ సీసాలో వారం వారం కాలవ నీళ్ళు పట్టి తెచ్చేది. గట్టు మీద ఎప్పుడూ వచ్చేపోయే జనం ఉంటారు గదా, చేతికిచ్చేది కాదు. నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేది.

"తీసుకోండి బాబుగారూ."

అతను వంగి తీసుకునేవాడు. కాలేజీ లాబొరేటరీలో ఆ నీళ్ళను పరీక్ష చేసి, వచ్చిన అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకునేవాడు.

తిరిగొచ్చేసరికి కోటేశ్వరమ్మ వాకిట్లోనే ఆపేసేది.

"ఆ పల్లెలో తిరిగొచ్చావు. నాలుగు చేదలు నెత్తిన పోసుకుని లోపలికి రా నాయనా."

అతను చేదుకుని పోసుకునేవాడు.

వానాకాలంలో పల్లెకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ముగ్గురు పోయారు. మొదట పోయింది వరమ్మ కూతురు కొండమ్మ. ఏడో నెల కడుపుతో ఉంది. ఆ వారం బాబూరావు కూడా రెండు రోజులు మంచం దిగలేదు. కోటేశ్వరమ్మ మిరియాల చారు కాచి పెట్టి, చివాట్లు కూడా పెట్టింది.

"వానలో తడిసి ఆ తిరుగుళ్ళేంటి? ఒళ్ళు పాడు చేసుకుంటే చదువెవరు చదువుతారు?"

ఎన్నో అర్జీల తర్వాత ఎంక్వయిరీకి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. కాలవ గట్టు మీద ఆయనకు కుర్చీ వేశారు. పల్లెంతా వచ్చింది. రాఘవయ్య ఇస్త్రీ ఖద్దరు తొడుక్కుని, బాబూరావు భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు.

"నీళ్ళు పాడయ్యాయని మీరు నూట ముప్ఫై వేలిముద్రలు పెట్టించారు. నీళ్ళు బాగున్నాయని మిల్లువాళ్ళూ నూట ముప్ఫై తెచ్చారు. ఇదే పల్లె, ఇవే పేర్లు. దేన్ని నమ్మమంటారు?"

"ఆ రెండోవి దొంగవండి," అన్నాడు బాబూరావు. "నీళ్ళు నేనే పరీక్ష చేశాను సార్."

"మీరుండేది బాపట్లలో. బయటివాళ్ళొచ్చి రెచ్చగొడుతున్నారనే గదా మిల్లువాళ్ళ గోల? ఈ నీళ్ళు తాగే ఇంటి మనిషి కావాలి. చదివి సంతకం పెట్టగలిగినవాడు ఒక్కడు చాలు. మిల్లు మూయించమని ఈ సాయంత్రమే రాసేస్తాను. లేదంటే ఫైలు ఇంతటితో సరి. ఉన్నాడా అలాంటివాడు?"

పల్లె పల్లెంతా నేలచూపులు చూసింది. ఏదో అనబోయినట్టు బాబూరావు పెదాలు కదిలాయి. భుజం మీద రాఘవయ్య చెయ్యి అలాగే ఉంది.

వరమ్మ గబగబా ముందుకొచ్చింది.

"లేరండయ్యా. మా పల్లెలో సదువుకున్నోళ్ళు ఒక్కళ్ళూ లేరండి."

ఆఫీసరు ఫైలు మూసి జీపెక్కాడు.

"చదువుల్లేకపోతే ఇంతే బతుకులు," అన్నాడు రాఘవయ్య పంచె దులుపుకుంటూ. "నేనంటే పొలంలో బోరు వేయించుకుంటాను. వీళ్ళ గతేంటోయ్?"

జవాబు కోసం ఆగకుండా బస్సు వైపు నడిచాడు.

ఆ వారం సీసా కూడా వరమ్మ నింపి తెచ్చింది. ఎప్పటిలాగే నేల మీద పెట్టింది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది.

"ఎల్లి రండి బాబుగారూ. బాగా సదువుకోండి."

బాబూరావు వంగి సీసా అందుకున్నాడు. దాని మీద తన కన్నతల్లి వేళ్ళ తడి ఇంకా ఆరలేదు.