ముందు మీరే వదినా

"రెండు కంప్యూటర్లూ ఖాళీగా కూర్చున్నాయి!" వదిన బల్ల చరిచింది. గంటలో పరీక్షకులొస్తారు. చెరిసగం పంచుకున్న లెక్క తేలకపోతే ఇద్దరి పరిశోధనా అటకెక్కినట్టే.

"నీ ప్రోగ్రాం నోరు విప్పదేం? దాని కబురు కోసం నాది కాచుక్కూర్చుంది."

"మీది పలకరిస్తేనే బదులివ్వమని రాశాను వదినా," అంది ఆడపడుచు.

"ఎందుకట?"

"మీరు పెద్దవాళ్లు కదా. నాది ముందు మాట్లాడితే ఏం బాగుంటుంది?"

లాబ్‌లో చేరినప్పట్నుంచీ ముందుగా నోరు విప్పని ఈ పిల్లకి పొగరనుకుంది వదిన. అందుకే తనూ బిగుసుకుంది, తన ప్రోగ్రాంనీ ముందు పలకకుండా బిగదీసింది.

"నీ మర్యాద మండ! లెక్క పీక పిసికావు కదే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. వదిన తన దాంట్లో ఒక్క వాక్యం మార్చింది: ముందు నువ్వే పలకరించు.

తెర మీద అంకెలు పరుగెత్తాయి.

"వదినా, టీ తాగొద్దామా?"

ఆ పిల్ల తనంతట తాను పలకరించడం అదే మొదలు.